పాత కారు ఏసీ చల్లబడకపోతే: గ్యాస్ నింపించే ముందు ఇవి చూడండి

నల్గొండ ఎండలు 43, 44 డిగ్రీలకు చేరాక పదేళ్లు దాటిన కారులో ఏసీ వేడిగాలి కొడితే, మొదట వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయింది’. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే తిరుగుతుంటుంది. రబ్బరు పైపుల నుంచి, గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్ సీల్ నుంచి ఏళ్ల మీద కొద్దికొద్దిగా పోవడం మామూలే. నిరుడు నింపించింది ఈ ఎండకాలానికే లేదంటే మాత్రం లీకు ఉన్నట్టే. అది పట్టకుండా మళ్లీ నింపితే డబ్బులు గాలికి పోయినట్టు.

ముందు ఇంటి దగ్గరే చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తండి. చున్నీ, తువ్వాలు దూరంగా ఉండాలి. ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు. కంప్రెసర్ పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చూడాల్సింది దాని ముందున్న పళ్లెం, అదే ఏసీ క్లచ్. ఏసీ వేయగానే ‘టక్’మని అతుక్కొని పుల్లీతో కలిసి తిరగాలి. తిరగకపోతే ఫ్యూజ్ చూడండి. ఏసీ రిలే తీసి అదే నంబరున్న హారన్ రిలే పెట్టి చూడండి. ఆ క్లచ్ వైరుకు 12 వోల్టులు వస్తున్నా అతుక్కోకపోతే క్లచ్ కాయిల్ కాలింది, లేదా పళ్లెం అరిగి పుల్లీకి, దానికి మధ్య సందు పెరిగింది. ఆ సందు సాధారణంగా 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి పల్చటి వాషర్ ఒకటి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. కరెంటే రాకపోతే, గ్యాస్ తగ్గినప్పుడు కంప్రెసర్‌ను ఆపే ప్రెషర్ స్విచ్ ఆపి ఉండొచ్చు. దాన్ని వైరుతో కలిపి నడిపించకండి. కంప్రెసర్‌కు నూనె గ్యాస్‌తో పాటే చేరుతుంది, గ్యాస్ లేకుండా తిరిగితే పట్టేస్తుంది.

నార్కట్‌పల్లి దాటి హైవే మీద చల్లగా, గడియారం సెంటర్ రద్దీలో ఆగితే వేడిగా వస్తోందా? గ్యాస్‌ను అనుమానించే ముందు, రేడియేటర్ ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌ను, దాని ఫ్యాన్‌ను చూడండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు తిరిగే కార్లకు ఊక దుమ్ము, పత్తి లారీల వెంట నడిచేవాటికి దూది పోగులు రెక్కల్లో ఇరుక్కుంటాయి. కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య పేరుకున్న మురికి ముందునుంచి కనబడదు, టార్చి వేసి చూడాలి. తేలికైన పరీక్ష ఒకటుంది: ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద చెంబుతో నీళ్లు పోయండి. లోపల గాలి చల్లబడితే తప్పు ఫ్యాన్‌దో మురికిదో. కడిగేటప్పుడు ఇంజిన్ చల్లారాక మామూలు పైపు చాలు, ప్రెషర్ వాషర్ దగ్గర పెడితే రెక్కలు ఒరిగిపోతాయి. రేడియేటర్‌లో బోరునీళ్లు పోసే అలవాటు మానండి. మన దగ్గరి ఉప్పునీళ్లు లోపల ఉప్పు పొర కట్టి ఇంజిన్‌ను వేడెక్కిస్తాయి, అప్పుడు కొన్ని కార్లలో ఏసీ దానంతట అదే ఆగుతుంది.

గాలే తక్కువ వస్తోందంటే అది వేరే సంగతి. క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా పాత చిన్న కార్లలో ఆ ఫిల్టరే ఉండదు, దుమ్మంతా కూలింగ్ కాయిల్‌కే పడుతుంది. మొదట బాగా వచ్చి అరగంటకు తగ్గి, పది నిమిషాలు ఆపితే మళ్లీ వస్తోందంటే కాయిల్ మీద మంచు కడుతోంది, ఏసీ థర్మోస్టాట్ చూపించండి. కాళ్ల దగ్గర నీళ్లు కారితే డ్రెయిన్ పైపు మూసుకుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్‌లు పెట్టించాలి: ఒకటి కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే తక్కువ ఒత్తిడి వైపు, ఇంకోటి బయటికి వెళ్లే ఎక్కువ ఒత్తిడి వైపు. ఆర్134ఏ రకం గ్యాస్ వాడే కారు 35 డిగ్రీల నీడలో గంటల తరబడి ఆగి ఉంటే రెండు గేజ్‌లూ దాదాపు 115 పీఎస్ఐ చూపాలి. అంతకన్నా బాగా తక్కువుంటే గ్యాస్ పోయింది. కానీ 115 ఉన్నంత మాత్రాన నిండా ఉన్నట్టు కాదు. ఏసీ నడుస్తున్నప్పుడు రెండు వైపులా తక్కువుంటే గ్యాస్ కొరత. తక్కువ ఒత్తిడి వైపు అంకె పెరిగి, ఎక్కువ ఒత్తిడి వైపు తగ్గితే కంప్రెసర్ అరిగింది. రెండూ ఎక్కువైతే ఫ్యాన్, మురికి, లేదా అతిగా నింపిన గ్యాస్. తక్కువ ఒత్తిడి వైపు సున్నాకు దిగితే, గ్యాస్‌ను కూలింగ్ కాయిల్‌లోకి సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వో, తేమ పీల్చే డ్రయరో మూసుకుంది.

జాయింట్ల దగ్గర దుమ్ము అంటుకున్న నూనె మరక ఉంటే లీకు అక్కడే వెతకండి. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో చూడమనండి; టైర్ల గాలి వద్దు, అందులో తేమ ఉంటుంది. గొట్టాలు విప్పితే జాయింట్ల రబ్బరు ‘ఓ’ రింగులు, డ్రయర్ కొత్తవి వేయించండి. లోపలి గాలి, తేమ లాగేసేలా కనీసం 30 నిమిషాలు వాక్యూమ్ పెట్టి, గేజ్ వాల్వులు మూశాక మరో పది నిమిషాలు ముల్లు కదలకుండా ఉండాలి. తర్వాత సిలిండర్‌ను తూకం మీద పెట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములే నింపించండి. ‘ఇంకో యాభై గ్రాములు వేద్దాం’ అంటే వద్దనండి, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. లీకు మూసే ద్రవాలు అసలే వద్దు, అవి ఎక్స్‌పాన్షన్ వాల్వునే మూసేస్తాయి.

కంప్రెసర్ పట్టేసి పైపులో లోహపు పొడి కనబడితే, కొత్త కంప్రెసర్ ఒక్కటే వేయించకండి. కండెన్సర్ సన్నటి గొట్టాల్లో ఇరికిన ఆ పొడి కడిగినా పూర్తిగా రాదు, కొత్తదాన్నీ తినేస్తుంది. కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చాలి. ఖర్చు ఎక్కువే, అయినా ఒక్కసారితో పోతుంది.