ఫిల్ము మీద తీయాలంటే ముందు అడుగుల లెక్క

"అన్నా, మా షార్ట్ ఫిల్ము నెగెటివ్ మీద తీద్దామనుకుంటున్నాం, ఆ లుక్కే వేరు కదా" అని నెలకొకరైనా ఫోన్ చేస్తారు. వేరే, కాదనను. పదేళ్లు కెమెరా మ్యాగజైన్లు, అంటే ఫిల్ము పెట్టే చీకటి పెట్టెలు, లోడ్ చేసినవాణ్ణి. కానీ లుక్కు సంగతి తర్వాత, ముందు కాగితం తీసుకోమంటాను.

35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి నిమిషానికి 90 అడుగులు పోతుంది. 400 అడుగుల డబ్బా నాలుగున్నర నిమిషాల్లోపే ఖాళీ. 16 ఎంఎంలో నిమిషానికి 36 అడుగులే, అదే డబ్బా 11 నిమిషాలు వస్తుంది. మీది పది నిమిషాల సినిమా, షాటుకి ఐదు టేకులనుకోండి. 50 నిమిషాల ఫుటేజ్. 35లో 4,500 అడుగులు, 16లో 1,800. అంటే 16లో ఐదు డబ్బాలు. లోడింగులో వృథా పోయేది కలిపి నేనైతే ఆరు చెబుతాను. మొదటిసారి నటించే పిల్లలున్నారా? అయితే డిజిటల్‌కే వెళ్లండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

స్టాక్ (ఖాళీ ఫిల్ము) కొనకముందే ల్యాబ్‌తో మాట్లాడుకోండి. సినిమా నెగెటివ్‌ని కడిగేది ఈసీఎన్-2 పద్ధతిలో. ఫొటో రోళ్లు కడిగే సీ-41 వేరు. రషెస్ (కడిగొచ్చిన ఫుటేజ్) చూసేదాకా లొకేషన్ వదలొద్దు.

ఇక వెలుతురు. పగటిపూట కిటికీ పక్కన కూర్చున్న అమ్మమ్మని తీస్తున్నారనుకోండి. నెగెటివ్ అయితే వెలుతురు కొలిచే మీటర్ ఆవిడ చీకటి వైపు చెంప దగ్గర పెట్టి చూడండి. వెలుతురు అర స్టాపు (ఒక స్టాపు అంటే రెట్టింపు) ఎక్కువైనా నెగెటివ్ ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడలు బురదైపోతాయి. డిజిటల్‌కి ఇది తిరగేయాలి: ముందు కిటికీ చూడండి, అది తెల్లగా కొట్టుకుపోకుండా ఐరిస్ (లెన్స్ రంధ్రం) మూయండి, తర్వాత మొహానికి థర్మాకోల్ షీటుతో వెలుతురు కొట్టండి. మళ్లీ నెగెటివ్‌కొస్తే, పగలు 500టి (బల్బు వెలుతురుకి చేసిన ఫిల్ము) వాడితే నారింజ రంగు 85 ఫిల్టర్ వేసి, మీటర్‌లో ఫిల్ము స్పీడుని 320కి పెట్టుకోండి.

లోడింగ్ చదివితే వచ్చేది కాదు. పాడైపోయిన రోల్ ఒకటి సంపాదించి ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని, ఆపైన వెలుతురు చొరని చేంజింగ్ బ్యాగ్‌లో, చేతులు వాటంతటవే కదిలేదాకా చేయండి. ఉంగరం తీసేయండి, రేడియం ముళ్ల వాచీ అసలే వద్దు. మే నెలలో బ్యాగ్‌లో చేతులు చెమటతో ముద్దవుతాయి. తుడుచుకుని మళ్లీ మొదలెట్టండి తప్ప తడివేళ్లతో ఫిల్ము ముట్టొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని కొన్ని గంటలు బయట ఉంచాకే తెరవాలి, లేదంటే లోపల చెమ్మ పడుతుంది.

లేబుల్ మాత్రం అప్పటికప్పుడే రాయండి. ఒకసారి రాత్రి షూటింగ్‌లో తీసిన రోల్‌ని డబ్బాలో పెట్టి, "టీ తాగొచ్చి రాద్దాంలే" అనుకున్నాను. తెల్లారి అదే డబ్బాని కొత్తదనుకుని మళ్లీ లోడ్ చేశాను. ల్యాబ్ నుంచి వచ్చిన రషెస్‌లో హీరోయిన్ మొహంలోంచి బస్సు వెళ్తోంది. తిట్లు సరే, ఆ బస్సు ఇప్పటికీ నాకు కలలోకొస్తుంది. అప్పట్నుంచీ రోల్ బయటికి రాకముందే ఎర్ర టేపు చింపి మ్యాగజైన్‌కి అంటించుకుంటాను: తేదీ, రోల్ నంబరు, ఎన్ని అడుగులు, "ఎక్స్‌పోజ్డ్" (తీసేసినది).

డైరెక్టర్ ఓకే అనగానే అందరూ కదిలిపోతారు. మీరు కదలనివ్వకండి. లెన్స్ తీసి టార్చి వేసి గేటు (లెన్స్ వెనక ఫిల్ము ముందుండే చట్రం) మూలలు చూడండి. వెంట్రుకంత పోగు కనిపిస్తే ఇంకో టేకు అడగండి, ఎవరు విసుక్కున్నా సరే.

డిజిటల్‌లోనూ ఆ ఎర్ర టేపు పనికొస్తుంది. నిండిన కార్డు మీద అంటించండి. రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, క్లిప్పులు ప్లే చేసి చూసుకున్నాకే ఆ టేపు పీకండి.