రన్‌వే లెక్క (3వ భాగం): గోపాల్‌పూర్‌లో సముద్రముంది, మరి పెద్ద విమానం అరక్కోణంలో ఎందుకుంది?

పోయిన భాగంలో రన్‌వే బలం గురించి చెప్పుకున్నాం. 85 టన్నుల పైచిలుకు బరువుతో లేచే నేవీ పి-8ఐ గస్తీ విమానానికి వెనక ఉండేవి నాలుగే చక్రాలు, అంటే ఒక్కో చక్రం మీద దగ్గర దగ్గర 20 టన్నులు, అందుకే పొడవుంది కదా అని ఏ రన్‌వే పడితే ఆ రన్‌వే మీద దించలేం అనుకున్నాం. ఈసారి పొడవు సంగతి. కాస్త లెక్క ఉంటుంది, పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి. ఏడో తరగతి శాతాలు వస్తే చాలు.

ఒడిశాలోని మా బరంపురంలో నా దగ్గరికి డిఫెన్స్ పరీక్షలకి చదువుకోవడానికి వచ్చే పిల్లలు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, గోపాల్‌పూర్‌లో సముద్రం ఉంది, పక్కనే రంగైలుండలో ఎయిర్‌స్ట్రిప్ ఉంది, మరి నేవీ వాళ్ల పెద్ద విమానాలు తమిళనాడులో సముద్రమే కనపడని అరక్కోణంలో ఎందుకున్నాయి?" మంచి ప్రశ్నే. దీనికి జవాబు దేశభక్తి వ్యాసంలో దొరకదు, లెక్కలో దొరుకుతుంది.

విమానం లేవాలంటే రెక్కల కింద చిక్కటి గాలి కావాలి. ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది, వేడి పెరిగినా పలచబడుతుంది. పలచటి గాలిలో ఇంజన్ బలం తగ్గుతుంది, పైగా నేల వదలడానికి ఇంకా వేగం అందుకోవాలి, కాబట్టి ఇంకా దూరం పరుగెత్తాలి. దీన్ని అంచనా వేయడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదే ఇకావో, ఒక బండ లెక్క ఇచ్చింది. ముందు సముద్రమట్టంలో, 15 డిగ్రీల చలిలో, గాలి వీచకుండా, నేల చదునుగా ఉంటే ఎంత పొడవు కావాలో తీసుకోండి. దానికి ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ 7 శాతం, ఆ ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకీ 1 శాతం, నేల వాలు ప్రతి 1 శాతానికీ 10 శాతం పెంచుకుంటూ పోవాలి. ఉష్ణోగ్రత అంటే ఏదో ఒక రోజుది కాదు, బాగా ఎండలు కాసే నెలలో రోజువారీ గరిష్ఠాల సగటు.

మొదలు 2,400 మీటర్లు అనుకుందాం. ఇది లెక్క కోసం నేను పెట్టుకున్న అంకె, కంపెనీ ఇచ్చింది కాదు.

గోపాల్‌పూర్ ఒడ్డున ఎత్తు దాదాపు సున్నా. ఉష్ణోగ్రత 34 అనుకుంటే 15 కంటే 19 ఎక్కువ, అంటే 2,400ని 1.19తో గుణిస్తే 2,856. వాలు అర శాతం ఉంటే మరో 5 శాతం, మొత్తం 2,999. మూడు కిలోమీటర్లన్నమాట.

ఇప్పుడు ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్దాం. ఎత్తు సుమారు 900 మీటర్లు, ఉష్ణోగ్రత 35 అనుకోండి. ఇక్కడే సునాబెడ నుంచి వచ్చిన ఒక కుర్రాడి నోట్‌బుక్ గుర్తొస్తుంది (వాళ్లది విమాన ఇంజన్లు తయారయ్యే ఊరు, వాడికి ఈ లెక్కంటే పౌరుషం). ఎత్తుకి 21 శాతం సరిగ్గానే వేశాడు, 2,904 వచ్చింది. ఆ కింద 35 లోంచి 15 తీసేసి 20 శాతం అని రాసి, రెండుసార్లు గీత కొట్టి మరీ జవాబు చుట్టూ డబ్బా గీశాడు. తప్పు. 900 మీటర్ల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 15 కాదు, ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి సుమారు 9. తేడా 26. వాడు ఊరుకోలేదు, "మా ఊరు చల్లగానే ఉంటుంది కదా సార్, వేడి లెక్క మీ ఊరికంటే మాకే ఎక్కువ ఎలా పడుతుంది?" అన్నాడు. మనకి చల్లగా ఉండటం వేరు, ఆ ఎత్తుకి ఉండాల్సినంత చల్లగా ఉండటం వేరు. విమానం రెండోదే చూస్తుంది. 2,904ని 1.26తో గుణిస్తే 3,659, వాలు కలిపితే 3,842 మీటర్లు. అసలు ఎత్తు, వేడి రెండూ కలిసి 35 శాతం దాటితే ఈ బండ లెక్కని నమ్మకుండా విడిగా అధ్యయనం చేయించమని ఇకావోనే చెబుతుంది. కొరాపుట్‌లో అది ఎప్పుడో దాటేశాం.

ఇంకో చిన్న లెక్క, ఇది నాకు భలే ఇష్టం. ప్రామాణికం కంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకీ 120 అడుగులు కలిపితే, విమానానికి తాను ఎంత ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుందో తెలుస్తుంది. 40 డిగ్రీల మధ్యాహ్నం గోపాల్‌పూర్ బీచ్‌లో 25ని 120తో గుణించండి. మూడు వేల అడుగులు, అంటే 900 మీటర్ల పైనే. మనం ఇసుకలో నిలబడి జీడిపప్పు నములుతున్నా, విమానానికి మాత్రం కొరాపుట్ కొండెక్కినట్టే!

సరే, రన్‌వే చాలకపోతే ఏమవుతుంది? ఎగరలేదని చాలామంది అనుకుంటారు. ఎగురుతుంది, ఇంధనం తగ్గించుకుని ఎగురుతుంది. అసలు తిరకాసు అక్కడే ఉంది. పి-8 విమానం 1,200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 2,200 కిలోమీటర్లు వెళ్లి, అక్కడ నాలుగు గంటలు గస్తీ తిరిగి వెనక్కి రాగలదని లెక్క. గంటకి రెండున్నర టన్నులు తాగుతుందనుకుంటే, పొట్టి రన్‌వే వల్ల 10 టన్నులు తక్కువ పోసుకుని లేచిన రోజున ఆ నాలుగు గంటలూ మాయం. అంత దూరం పోయి, చూడకుండా తిరిగి రావడమే. అందుకే నేను రన్‌వేని మీటర్లలో కాదు, సముద్రం మీద గంటల్లో కొలవమంటాను.

అరక్కోణం సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. 1992లో అక్కడ నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ రాజాలి మొదలైనప్పుడు వచ్చింది టీయూ-142 అనే పాత గస్తీ విమానం, నిండుగా 185 టన్నులు. దాని కోసం నాలుగు కిలోమీటర్ల పైన రన్‌వే కావాల్సి వచ్చింది. 2013లో పి-8ఐ వచ్చేసరికి ఆ పొడవు సిద్ధంగా ఉంది. ఒడ్డుకి దూరంగా ఉంటే ఇంకో లాభం కూడా, తుఫాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడి విమానాశ్రయం కప్పు లేపేసింది. ఉప్పుగాలి సరేసరి, సముద్రం మీద కిందుగా తిరిగొచ్చిన విమానాన్ని మంచినీళ్లతో కడగకపోతే తుప్పు పట్టేస్తుంది. పైగా గోపాల్‌పూర్‌లో సైన్యం వాయు రక్షణ కళాశాల, కాల్పుల రేంజి ఉన్నాయి. గుండ్లు పేలే ఆకాశం పక్కన రోజూ పెద్ద విమానాలు తిప్పడం అంత తేలిక కాదు.

అలాగని దూరంగా కూర్చుంటే సరిపోతుందా అంటే అదీ లేదు. అరక్కోణం నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే దాదాపు 1,700 కిలోమీటర్లు, పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. మలక్కా జలసంధి ముఖద్వారం ఆ పక్కనే. అక్కడే ఐఎన్ఎస్ బాజ్ స్థావరం 2012లో మొదలైంది, కానీ అప్పుడున్న రన్‌వే సుమారు 1,050 మీటర్లు. 6.4 టన్నుల చిన్న విమానం డోర్నియర్‌కి అది చాలు. పి-8ఐకి? పైన మనం వేసిన అంకెల పక్కన పెట్టి చూడండి. ఉత్తర అండమాన్‌లో ఐఎన్ఎస్ కొహాసా స్థావరానిదీ అదే కథ, 2019లో వెయ్యి మీటర్లు. పెంచుదామంటే అడవి, కొండ, సముద్రం, ఈ మూడింటి మధ్యే చోటు వెతుక్కోవాలి. పోర్ట్‌బ్లెయిర్‌ (ఇప్పటి శ్రీ విజయపురం)లో పొడవు ఉంది, కానీ ఒక కొసన కొండ, అందుకని ఒకవైపు నుంచే దిగి మళ్లీ అదే వైపుకి లేవాలి. గాలి వీపు మీద తోస్తుంటే అప్పుడేం చేయాలో వచ్చే భాగంలో చూద్దాం, దానికి రన్‌వే మీద రాసి ఉండే అంకెలు చదవడం వచ్చి ఉండాలి, మొదటి భాగం ఒకసారి తిరగేయండి.

ఈలోగా ఇంటిపని. రాయగడ ఎత్తు 210 మీటర్లు, ఉష్ణోగ్రత 40, వాలు అర శాతం, మొదలు అదే 2,400 అనుకుని పొడవు కట్టండి. తర్వాత క్యాంప్‌బెల్ బేకి ఎత్తు సున్నా, ఉష్ణోగ్రత 32, వాలు లేదు అనుకుని కట్టి, 1,050కీ దానికీ తేడా ఎంతో రాయండి. శాతాలన్నీ ఒకేసారి కూడి వేయొద్దు, ఒకదాని మీద ఒకటి గుణించుకుంటూ పోండి. రాయగడకి 15 లోంచి ఎంత తగ్గించాలో ముందు చూసుకోండి, సునాబెడ కుర్రాడిలా డబ్బా గీసేయకండి.