ఏడుపు మొదలవక ముందే: బయట పాలు పట్టడం గురించి

మా పెద్దదానికి రెండు నెలలప్పుడు, బయటికి వెళ్తే పాలు పట్టడానికి టాయిలెట్ వెతుక్కునేదాన్ని. మూసిన కమోడ్ మీద నేను, ఒళ్లో అది, అవతల తలుపు తడుతూ ఎవరో. మనం అక్కడ కూర్చుని ఒక బిస్కెట్ కూడా తినం. విసుగొచ్చి ఒకరోజు "ఇంటికెళ్లాక పడదాంలే" అని ఆపేశాను. సాయంత్రానికి ఒకవైపు రొమ్ము రాయిలా గట్టిపడింది, రాత్రికి జ్వరం వచ్చింది. చిన్నోడి దగ్గరికి వచ్చేసరికి బుద్ధి తెచ్చుకున్నాను.

కొత్తగా తల్లయినవాళ్లకు అందరూ ఏ గుడ్డ కప్పుకోవాలో చెబుతారు. నన్నడిగితే గుడ్డ కన్నా టైమ్ ముఖ్యం. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. రెండు ఫీడింగ్‌ల మధ్య పని ముగించుకొద్దామనుకుంటే గుమ్మం కూడా దాటలేం. బిడ్డ పెదాలు చప్పరిస్తుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, పిడికిలి నోట్లోకి పోతుంది. ఆకలి అంటే అదే. ఏడుపు చివర్లో వస్తుంది. అప్పటిదాకా ఆగితే రొమ్ము సరిగా పట్టదు, పైగా చుట్టుపక్కల తలలన్నీ మనవైపే తిరుగుతాయి. పాలు తాగే బిడ్డను గమనించేవాళ్లు తక్కువ, ఏడ్చే బిడ్డను చూడనివాళ్లు లేరు. అందుకే ఎక్కడికెళ్లినా ముందు కూర్చునే చోటు చూసి పెట్టుకుంటాను: వీపుకు ఆనుడు, ఒక పక్క గోడ ఉంటే చాలు.

బయట ప్రయత్నించే ముందు ఇంట్లో అద్దం ముందు నాలుగుసార్లు పట్టి చూడండి. నేను రెండు పొరలు వేసుకుంటాను. పైది పైకి ఎత్తుతాను, లోపలి బనియన్ కిందికి లాగుతాను. పొట్ట కనిపించదు, పైభాగం కనిపించదు, మిగతాది బిడ్డ తలే కప్పేస్తుంది. కాస్త కనిపించేది నోటికి అందించేటప్పుడు, తీసేటప్పుడు మాత్రమే. ఆ కొన్ని క్షణాలు గోడవైపు తిరిగితే సరిపోతుంది. తీసేటప్పుడు లాగకండి. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెడితే పట్టు వదులుతుంది. లేదంటే మీకు నొప్పి, వాడికి కోపం.

గుడ్డ కప్పుకోవడం మీ ఇష్టం. కప్పితే బిడ్డ ముఖం మీకు కనిపించాలి, గాలి ఆడాలి. మావాడు నాలుగో నెలనుంచి దాన్ని జెండాలా ఎగరేసేవాడు, ఇక మానేశాను.

అసలు కష్టం టెన్షన్. పాలు చేపుకు రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కావాలి. మనం బిగుసుకుపోతే అది ఆలస్యమవుతుంది. బిడ్డ గుంజుకుని గోల చేస్తుంది, మనం పాలు లేవనుకుని కంగారు పడతాం. పాలు ఎక్కడికీ పోవు. భుజాలు దించి, నెమ్మదిగా ఊపిరి వదిలి, జనాన్ని కాకుండా బిడ్డ కాలివేళ్లను చూడండి. విచిత్రమేంటంటే, పక్కింటి బిడ్డ ఏడ్చినా ఒక్కోసారి పాలు వాటంతటవే కారిపోతాయి. చేతులు కట్టుకున్నట్టు పెట్టి గట్టిగా అదిమితే ఆగుతాయి. ప్రింట్ బట్టలు వేసుకుంటే తడి అంతగా తెలియదు.

తోడు వచ్చినవాళ్లకు ముందే చెప్పండి. మా ఆయన మొదటిసారి గోల్‌కీపర్‌లా చేతులు చాపి నా ముందు నిలబడ్డాడు. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా ఏం జరుగుతోందోనని చూశారు. ఇప్పుడు పక్కన కూర్చుని మామూలుగా కబుర్లు చెబుతాడు.

ఎవరైనా "ఇక్కడ కాదమ్మా" అంటే? "బిడ్డకు ఆకలేసింది, అయిపోగానే లేస్తాం" అని మామూలు గొంతుతో అంటాను. సారీ చెప్పను, వాదించను. అంతకన్నా గట్టి జవాబులు ఇంటికొచ్చాకే గుర్తొస్తాయి, ఏం లాభం.

"పాలు సీసాలోకి పిండుకుని తెచ్చుకోవచ్చుగా" అనేవాళ్లూ ఉంటారు. తేవచ్చు. తాజాగా పిండిన పాలు 25 డిగ్రీల దాకా గది వేడిలో 4 గంటలు, ఐస్ ప్యాక్‌లున్న కూలర్ బ్యాగులో 24 గంటలు ఉంటాయి. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటల్లోపు వాడకపోతే పారబోయాలి. కానీ సీసా పట్టినంత మాత్రాన రొమ్ములు నిండడం ఆగదు. ఎక్కడో ఒకచోట మళ్లీ పిండుకోవాల్సిందే.

చివరగా, లేచే ముందు బ్రా క్లిప్ పెట్టుకున్నారో లేదో చూసుకోండి. నేనొకసారి బిల్లింగ్ కౌంటర్ దాకా అలాగే నడిచాను.