విశాఖ ఉక్కలో పెర్ల్ వైట్

1:24 స్కేలు బొమ్మ కారుకి (అసలు కారులో 24వ వంతు) పెర్ల్ వైట్, అంటే ముత్యంలా మెరిసే తెల్ల రంగు, స్ప్రే కొడితే బానెట్ మీద మెరుపు పోయి తెల్లటి మసక కమ్మింది. మాది బీచ్ రోడ్డు పక్కనే, సాయంత్రమైతే గాలంతా తేమే. లాకర్ (lacquer) రంగులో పలచన కోసం ఉండే థిన్నర్ ఆవిరవుతుంటే బాడీ చల్లబడి ఆ తేమను పట్టేస్తుంది.

మసక మీద స్లో థిన్నర్ (నెమ్మదిగా ఆరేది) పలచగా మంచులా కొట్టాను. పైపొర కరిగి, తేమ వదిలి, మెరుపు తేలింది.

ఇప్పుడు పొడి ఎండ కాసే మధ్యాహ్నాలే కొడుతున్నాను. పెర్ల్‌లో ఉండేది అభ్రకం రేణువులు, మన గూడూరు గనుల సరుకులాంటిదే. కింద రంగు కనబడిపోతుంది కాబట్టి గ్రే ప్రైమర్ (బూడిదరంగు అడుగు పూత) మీద నేరుగా వద్దు, ముందు గ్లాస్ (gloss) వైట్, అంటే నిగనిగలాడే మామూలు తెలుపు, పడాలి. డబ్బా బాగా ఊపండి, రేణువులు అడుక్కి దిగిపోతాయి. ఆఖరున క్లియర్ కోట్, అంటే రంగులేని పైపూత.