మూడు పాదాల్లో తీరం – నాలుగో పాఠం: మూడో పాదంతో పేచీ

పోయినసారి హైకూ అంటే జపాన్ నుంచి వచ్చిన మూడు పాదాల చిన్న కవిత, పాదాలకి వరసగా అయిదు-ఏడు-అయిదు అక్షరాలు అని చెప్పి వదిలేశా కదా, అందరూ వేళ్ళ మీద లెక్కేసి మరీ రాశారు. ఒడిశా తీరాన గంజాం జిల్లాలో ఉన్న గోపాలపూర్ వెళ్ళి రెండ్రోజులు ఉండొచ్చిన ఒకరు రాసింది ఇది:

సరుగు తోట
అలల హోరు ఎంతో
మనశ్శాంతిరా

సరిగ్గా 17. కానీ సరుగుడులో ‘డు’ ఎగిరిపోయింది, ‘ఎంతో’, ‘రా’ ఖాళీ నింపడానికి వచ్చి కూర్చున్నాయి. అందుకని ఈ వారం చెబుదామనుకున్న ఋతువుని సూచించే మాటల పాఠం పక్కన పెట్టేశా, ముందు ఇది తేలాలి. జపాన్ వాళ్ళ 17 మన అక్షరాల లెక్క కాదండీ, దీర్ఘం వస్తే రెండు, చివర ‘న్’ వస్తే దానికీ ఒకటి, మనం ఛందస్సులో గురువుకి రెండు మాత్రలు వేస్తాం చూడండి, దానికి దగ్గర. నేనైతే లెక్కే పెట్టను, ఒక్క ఊపిరిలో చదవగలిగితే చాలు.

ఎక్కడ కూర్చోవాలి, ఫోన్లో రాయాలా పుస్తకంలోనా, అవన్నీ మీకు తెలిసినవే.

నన్ను నిజంగా బాధపెట్టేది మూడో పాదం. శతక పద్యాలు బట్టీపట్టి పెరిగినవాళ్ళం, ముందు పోలిక, తర్వాత నీతి, చివర మకుటం, చెయ్యి అటే పోతుంది. అక్కడికి దగ్గర్లోనే రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ళని చూసొచ్చి ఒకమ్మాయి రాసింది:

తాబేలు పిల్ల
సంద్రం వైపు నడక
ఓర్పే విజయం

మొదటి రెండూ ఎంత బావున్నాయో! మూడోది వచ్చి తలుపేసేసింది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుగు కనిపిస్తే అటు పోతుంది, ఒడ్డున కరెంటు దీపాలుంటే దారి తప్పి ఊరి వైపే వస్తుంది. అది తెలిసినవాళ్ళు ఇలా రాస్తారు:

తాబేలు పిల్ల
సంద్రం వైపు నడక
వెనక వీధి దీపాలు

ఇప్పుడు చదివేవాళ్ళకి గుండె పట్టేస్తుంది, మీరేమీ చెప్పక్కర్లేదు.

మొగలి పొదల మీద రాసినవి బావున్నాయి. గంజాం వాళ్ళకి ఆ వాసన పుట్టుకతోనే తెలుసు. నాకు నచ్చింది:

మొగలి పొద
గాలి ఇటు తిరిగింది
టీ చల్లారింది

‘ఘుమఘుమ’ అనే మాటే లేదు చూడండి.

అమ్మ పోయాక నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు, సరుగుడు తోటల పక్కన గది తీసుకుని మూడ్రోజులున్నా. మొదటిరోజు రాసిందంతా మౌనం, శూన్యం, శాంతి, ఇవే మాటలు. రెండోరోజు కింద కూర్చుని రాలిన సూదాకు ఒకటి తీసి లాగాను, కణుపు దగ్గర టప్పున ఊడింది, మళ్ళీ అక్కడే గుచ్చితే అతుక్కున్నట్టే నిలబడింది, చిన్నప్పుడు ఎక్కడ ఊడిందో చెప్పు అని అమ్మ ఆడించిన ఆట అది.

రాలిన సూదాకు
ఊడిన చోటు
వేలికే తెలుసు

ఇందులో అమ్మ లేదు, ఏడుపు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

అభ్యాసం: ఒకేచోట గంటసేపు కదలకుండా కూర్చోండి, తోట కుదరకపోతే డాబా మీదైనా సరే. పది రాయండి. ఒక్కోదాంట్లో మొదటి రెండు పాదాలే ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి, వాళ్ళు మీ మూడో పాదం ఊహించేస్తే అది కొట్టేసి మళ్ళీ రాయండి. పదికి పదీ కొట్టెయ్యాల్సొచ్చినా సరే, వాళ్ళు ఊహించలేనివే పంపండి.