"నడుస్తోంది కదా!" అన్నారు: తలసీమియా ఉన్న మా పాపకు సదరం ధ్రువపత్రం

మా పాపకు తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వైకల్యాన్ని నిర్ధారించి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో ఒక ఉద్యోగి పాపను ఎగాదిగా చూసి, "చక్కగా నడుస్తోంది కదమ్మా, వైకల్యం ఎక్కడ?" అన్నాడు. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

రెండోసారి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలు (చట్టం గుర్తించిన వైకల్యాల జాబితా) ముద్రించి తీసుకెళ్లాను. అందులో హీమోఫిలియా, సికిల్ సెల్‌తో పాటు తలసీమియా కూడా ఉంది. ఆ మాట ఆగింది, మరో చిక్కు మొదలైంది. కొత్తగా హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో ఏ రకం హీమోగ్లోబిన్ ఎంతుందో చూసే) పరీక్ష చేయించమన్నారు. పాప ఒంట్లో తిరుగుతున్నది చాలావరకు దాతల రక్తమే కదా! ఫలితం దాదాపు మామూలుగా వచ్చింది. "జబ్బే లేదు" అంటారేమోనని గుండె జారింది.

మా రక్తవైద్య నిపుణురాలు దారి చెప్పారు: మొదటి రక్తమార్పిడికి ముందు చేసిన పరీక్ష కాగితం కావాలి. పాత ల్యాబులో వెతికించి నకలు తెచ్చాను. దానికి మా ఇద్దరి హెచ్‌బీఏ2 ఫలితాలు (మేం తలసీమియా వాహకులమని చూపేవి), రక్తం ఎక్కించిన తేదీల పుస్తకం జతచేశాను. ఈసారి వైద్యుడు అయిదు నిమిషాల్లో చూసి సంతకం చేశారు. వైకల్యం 40 శాతం దాటిందని రాశారు.

ఆ కాగితంతోనే మావారు ఆదాయపన్నులో 80డీడీ సెక్షన్ (వైకల్యం ఉన్న కుటుంబసభ్యుల పోషణకు ఇచ్చే వెసులుబాటు) కింద 75,000 రూపాయల మినహాయింపు పొందారు, పాత పన్ను విధానంలో ఉన్నారు కాబట్టి. అసలు కాగితాలు ఇప్పుడు బియ్యం డబ్బా పక్కన రేకు పెట్టెలో ఉన్నాయి.