బోరేట్ గాజు ఫలితాల్లో తేడాలు: సమస్య, కారణం, పరిష్కారం

అనంతపురంలో బోరేట్ గాజులు (బోరాన్ ఆక్సైడ్‌తో చేసే గాజులు) కరిగించి వాటి పరమాణు నిర్మాణాన్ని పరిశీలించే విద్యార్థులకు ఎదురయ్యే ఇబ్బందులు కొన్నింటిని ఇక్కడ వివరిస్తున్నాను. శాస్త్రవేత్త జకరియాసెన్ 1932లో ప్రతిపాదించినట్లు, గాజులో బోరాన్, ఆక్సిజన్ల అల్లిక స్ఫటికంలో మాదిరిగా మళ్లీ మళ్లీ ఒకే తీరున రాదు. కాబట్టి నిర్మాణాన్ని పరోక్ష కొలతల నుంచే రాబట్టాలి. నమూనాలోని లోపం ఆ కొలతల్లో కలిసిపోతే దాన్నే నిర్మాణంలో వచ్చిన మార్పుగా పొరబడతాము.

సమస్య: ఒకే గాజు ముక్కకు జనవరిలో ఒక సాంద్రత, మే నెలలో అంతకంటే రెండు శాతం ఎక్కువ సాంద్రత వస్తోంది.

బోరేట్ గాజును నీరు తినేస్తుంది కాబట్టి ఆర్కిమెడిస్ పద్ధతిలో (ముక్కను గాలిలో, ద్రవంలో తూచి సాంద్రత కట్టే పద్ధతి) నీటికి బదులు టోలుయీన్ అనే ద్రవాన్ని వాడతాము. దాని సాంద్రత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘన సెంటీమీటరుకు 0.867 గ్రాములు. మన వేసవి మధ్యాహ్నం గది 38 డిగ్రీలకు చేరితే అది సుమారు 0.850కి పడిపోతుంది. ఒక మే నెలలో నేను పుస్తకంలోని విలువనే లెక్కలో వేసి, అల్లిక బిగుసుకుందని నోటుబుక్కులో రాసుకున్నాను. గాజులో ఏ మార్పూ లేదు, ద్రవమే పలచబడింది. బీకరులో థర్మామీటరు ఉంచి, ఆ ఉష్ణోగ్రతకు తగిన విలువనే వాడండి. అంతకంటే మంచిది, సాంద్రత 2.20 అని తెలిసిన సిలికా గాజు ముక్కను అదే ద్రవంలో, అదే పూట తూచి సరిచూసుకోవడం. మోలార్ ఘనపరిమాణం (ఒక మోల్ గాజు ఆక్రమించే చోటు) కూడా ఈ సంఖ్య నుంచే వస్తుంది కనుక ఇక్కడి తప్పు అక్కడికీ పాకుతుంది.

సమస్య: ఎఫ్‌టీఐఆర్ వర్ణపటంలో (నమూనా పరారుణ కాంతిని ఎక్కడెంత పీల్చిందో చూపే గీతలో) 3400 సెం.మీ⁻¹ దగ్గర వెడల్పాటి పట్టీ, 1640 దగ్గర చిన్న శిఖరం కనిపిస్తున్నాయి.

రెండూ నీటివే. సెప్టెంబరు వానల్లో ఇది మరీ ఎక్కువ. ముందుగా గాజు పొడి కలపకుండా, దాన్ని కలిపే పొటాషియం బ్రోమైడ్ ఉప్పుతోనే ఒక పెల్లెట్ (నొక్కిన బిళ్ల) చేసి వర్ణపటం తీయండి. అందులోనూ పట్టీ అంతే బలంగా ఉంటే దోషం గాజుది కాదు, పొటాషియం బ్రోమైడ్‌ది. దాన్ని 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) దాచండి. ఆ పెల్లెట్ శుభ్రంగా ఉంటే గాజు పైపొర తేమ పీల్చుకుందని అనుమానించాలి. గాజు ముక్కను వెలుతురులో తిప్పి చూస్తే పల్చటి బూడిద పూసినట్లు మసక పొర కనిపిస్తుంది. ఆ పొరలో బోరిక్ ఆమ్లం ఏర్పడితే దాని కంపనాలు 1200, 1450 ప్రాంతాల్లోకి వస్తాయి. సరిగ్గా అక్కడే మూడు, నాలుగు ఆక్సిజన్లతో కూడిన బోరాన్ పట్టీల మధ్య హద్దును మనం గీస్తాము, అందుకే ఈ పొరను తేలికగా తీసుకోకూడదు. ముక్కను విరిచి, లోపలి తాజా భాగాన్నే అప్పటికప్పుడు నూరండి.

సమస్య: నాలుగు ఆక్సిజన్లతో కూడిన బోరాన్ వాటా లెక్కకు అందడం లేదు.

సోడియం ఆక్సైడ్ 20 మోల్ శాతం ఉన్న గాజులో ఆ వాటా దాదాపు 0.25 రావాలి. రాకపోతే కూర్పునే ముందుగా అనుమానించండి. 17.76 గ్రాముల బోరిక్ ఆమ్లం నుంచి 10 గ్రాముల బోరాన్ ట్రయాక్సైడ్ మిగలాలి. నురగ పొంగి మూస (గాజు కరిగించే పాత్ర) బయటకు పోయినా, ఆవిరితోపాటు బోరాన్ పోయినా బరువు తగ్గుతుంది కనుక కరిగించిన ప్రతిసారీ ముందూ వెనకా తూచండి. అల్యూమినా మూస వాడితే అది కొంత కరిగి గాజులో చేరుతుంది, సోడియం కోసం బోరాన్‌తో పోటీ పడుతుంది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రే వివర్తనంలో) 25.6, 35.1, 43.3 డిగ్రీల దగ్గర శిఖరాలు వస్తే మూస రేణువులు కలిశాయని తెలుస్తుంది. కరిగిపోయిన అల్యూమినాకు మాత్రం శిఖరాలేవీ రావు, దాన్ని మూలక విశ్లేషణతోనే పట్టుకోవాలి. ప్లాటినం మూస దొరికితే ఈ బెడద ఉండదు. కూర్పు సరిగ్గానే ఉన్నా వాటా తేలకపోతే, పరారుణ పట్టీల వైశాల్యాల నిష్పత్తిని బోరాన్ల లెక్కగా తీసుకోవడమే తప్పు. రెండు రకాల బోరాన్లూ పరారుణాన్ని ఒకే బలంతో పీల్చవు. అసలు వాటాకు బోరాన్-11 ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో బోరాన్ కేంద్రకాల స్పందనను కొలిచే పరీక్ష) చేయించండి.

సమస్య: న్యూట్రాన్ వివర్తనంలో (గాజు గుండా పంపిన న్యూట్రాన్లు చెదిరే తీరును కొలవడంలో) సంకేతం బాగా బలహీనంగా ఉంది.

సహజ బోరాన్‌లో ఐదో వంతు బోరాన్-10, అది న్యూట్రాన్లను మింగేస్తుంది. ముంబయి ట్రాంబేలోని ధ్రువ పరిశోధన రియాక్టర్ దగ్గర కొలతకు సమయం కోరే ముందే, బోరాన్-11తో సంపన్నం చేసిన ముడిపదార్థంతో గాజును మళ్లీ కరిగించండి.